వేలెడు వదులు

"మళ్లీ విప్పుతున్నావా?"

అతని అరుపుకి షెడ్డు రేకుల మీద కాకులు లేచిపోయాయి. అతని భార్య మాత్రం తలెత్తలేదు. ఇసుకలో పరిచిన తెరచాప పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దాని స్తంభం అడుగున బిగించిన తాడు ముడి విప్పుతోంది. చిరిగిన తెరచాపలు కుట్టడం ఆమె వృత్తి. వాటిని బోర్డుకు తగిలించుకుని, దాని మీద నిలబడి నీళ్ల మీద దూసుకుపోవడం అతని పిచ్చి.

"వేలెడు వదులు చేస్తే చాపకి కాస్త పొట్ట వస్తుందండీ. గాలి బాగా పడుతుంది."

"పొద్దున్న బిగిస్తే గానీ వేగం రాదన్నావు!"

"పొద్దుటి గాలి వేరు."

అతను తల పట్టుకున్నాడు. గంటకి యాభై అయిదు కిలోమీటర్లు దాటితేనే పోటీ జట్టులో చోటు. మూడు రోజులుగా యాభై రెండు దగ్గరే కొట్టుకుంటున్నాడు. సాయంత్రం అయిదింటికి జాబితా మూసేస్తారు. ఇవాళ తప్పితే, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇక జన్మలో ఆ జట్టు మొహం చూడక్కర్లేదు. ఇప్పుడు టైము నాలుగుంపావు.

"ఆఖరి వంద మీటర్లలో చాప చచ్చుబడిపోతోంది, అదేదో చూడవే అంటే, నువ్వు మొత్తం సంసారం విప్పి కూర్చున్నావు!"

"అదే చూస్తున్నానండీ."

చూడడమంటే మామూలు చూడడం కాదు. ఉదయం చిన్న తెరచాప కట్టింది. పెద్దదైతే ఎక్కువ గాలి పడుతుందని అతను అనగానే, నిజమేనంటూ అది విప్పి పెద్దది కట్టింది. తీరా అతను బోర్డు ఎత్తుకునేసరికి, ఇంత గాలికి పెద్దదాన్ని మీరు మొయ్యలేరంటూ దాన్నీ విప్పి మళ్లీ చిన్నదే తెచ్చింది. నిండుకుండ తొణకదంటారు. అతను పుట్టినప్పటినుంచీ సగం కుండే.

గట్టు మీద గొడుగు కింద కూర్చున్న టైమ్ మాస్టారు ఈల ఊదాడు. అందరి వేగాలూ కాగితం మీద ఎక్కించేది ఆయనే.

"బాబూ, నీకింక ఒక్క పరుగుకే టైముంది!"

"విన్నావా? చాలు, ఇంక వదిలెయ్!"

ఆమె వదిలేసింది. తాడు సర్రున జారింది. అంతసేపూ బిగుతుగా ఉన్న తెరచాప ఉతికి పడేసిన దుప్పటిలా చతికిలబడింది.

"వదిలెయ్ అంటే దాని జోలికి పోవద్దని! తాడు వదిలెయ్యమని కాదు!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

మళ్లీ మొదలు. ఆమె తాడుని ఒక్కో కప్పీలోంచీ తీరిగ్గా దూర్చింది. కాలు తన్నిపెట్టి లాగింది. ఆగింది. చుట్టూ వెతికింది.

"ఏమైందిప్పుడు?"

"కొలత టేపు కనబడటం లేదు."

"నీ మెళ్లోనే ఉంది!"

అతని మొహం కందగడ్డయింది. నాలుగూ నలభై. ఆమె కొలిచింది, ముడి వేసింది, నాలుగడుగులు వెనక్కి వెళ్లి తల పక్కకి వంచి చూసింది.

"పోనీ, ఆ పెద్దదే ఇంకోసారి కట్టి చూద్దామా?"

అంతే. అతను పళ్లు పటపటా కొరుకుతూ బోర్డు చంకనబెట్టుకుని, తెరచాప లాక్కుని నీళ్లలోకి నడిచాడు.

"ఈ జన్మలో ఇంకెప్పుడూ నీ చేత తెరచాప కట్టించుకోను!"

గాలి తెరచాపని అందుకుంది. బోర్డు నీటిని కోసుకుంటూ బయల్దేరింది. దారి గుర్తుగా నీళ్ల మీద తేలుతున్న మొదటి బుంగ దాటింది, రెండోదీ దాటింది. రోజూ నీరసపడిపోయే ఆఖరి వంద మీటర్లలో ఈసారి ఇంకా జోరెత్తింది. గమ్యం జెండా దాటి అంత దూరం పోయాక గానీ ఆగలేదు.

తిరిగొచ్చేసరికి అతని కోపం ఎటుపోయిందో తెలీదు. చేతికి కట్టుకున్న మీటరు చూపిస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"యాభై ఏడు, మాస్టారూ! చూశారా? అంతా ఆ వేలెడు తేడాయే! నేను నెత్తీ నోరూ కొట్టుకోబట్టి గానీ, లేకపోతే మా ఆవిడ ఇంకా ముడులు విప్పుతూనే ఉండును."

మాస్టారు అతని చేత జాబితాలో సంతకం పెట్టించుకున్నాడు. అతను ఊళ్లో వాళ్లందరికీ ఫోన్లు చేసుకుంటూ షెడ్డులోకి పోయాక ఆమె వైపు తిరిగాడు.

"ఇంతకీ ఎంత వదులు చేశావమ్మా? మా మిగతా కుర్రాళ్లకీ చెబుతాను."

"ఏమీ చెయ్యలేదండీ. ఎన్నిసార్లు విప్పినా చివరికి కట్టింది మూడు రోజులుగా అదే చాప, అదే కొలత."

"మరి ఆఖర్లో చచ్చుబడిపోతోందని గోల పెట్టాడు?"

"చచ్చుబడేది చాప కాదండీ. ఆఖర్లో వేగానికి భయమేసి ఈయనే చేతులు సడలించేస్తున్నారు. చెబితే ఒప్పుకోరు."

"మరి ఇవాళ?"

ఆమె తాళ్లు చుట్టుకుంటూ చిన్నగా నవ్వింది.

"కోపమొస్తే మాత్రం పట్టిన పట్టు వదలరండీ. అందుకే పొద్దుట్నుంచీ అది తెప్పించే పనిలోనే ఉన్నాను."