నాలుగో నక్షత్రం

"పన్నెండు మందీ రావాలి. గట్టు మీద ఒక్కడు కూడా మిగలకూడదు" అన్నాడు ఫుండి హలీది.

గస్తీ దళం అధికారి అంకిలి తల గోక్కున్నాడు. అందరూ సభకొస్తే సముద్రం మీద పడవల్ని ఎవరు చూస్తారని అడిగాడు.

"మంత్రిగారు రాజధాని మొరోనీ నుంచి వస్తున్నారు. వేదిక ముందు యూనిఫాం వరసే లేకపోతే సభకి కళేముంటుంది? రేపు ఫొటోలో ఖాళీ కుర్చీలు పడితే ఆయన అడిగేది నిన్నే."

అంకిలి ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. వాదనకు దిగితే ఎంతసేపు పడుతుందో తెలుసు.

ఫుండి అంటే పంతులు. హలీది ముప్పై ఏళ్ళు బళ్ళో చరిత్ర చెప్పి, రిటైరయ్యాక మా ఊరి మయోట్ విముక్తి సంఘానికి అధ్యక్షుడయ్యాడు. మా కొమొరోస్ జెండా మీద నాలుగు నక్షత్రాలుంటాయి, నాలుగు దీవులకి. మూడు మా దగ్గరున్నాయి. నాలుగోదైన మయోట్, ఓట్లు పెట్టినప్పుడు ఫ్రాన్సుతోనే ఉంటానంది. ఫ్రాన్సు కూడా కాదనలేకపోయింది పాపం. అది మాదేనని ఏటా నవంబరులో సెలవు పెట్టి, సభ చేసి మరీ చెప్పుకుంటాం. మిగతా రోజుల్లో అక్కడికి పోవడానికి వీసా కోసం వరసలో నిలబడతాం. వీసా దొరకనివాళ్ళు దొంగచాటుగా క్వాసా పడవెక్కుతారు. వాళ్ళని పట్టుకోవడానికి మా ప్రభుత్వమే గస్తీ పెట్టింది. మన దీవి నుంచి మన దీవికి పోయేవాణ్ణి మన పోలీసులే ఎందుకు ఆపుతారని అడిగితే, అది దౌత్యం, నీకర్థం కాదంటారు. నిజమే, అర్థం కాదు.

ఫుండి కూతురు రాఫియాతికి నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, కోసి తీయకపోతే తల్లికీ ప్రమాదమేనని మంత్రసాని చెప్పింది. కిందటేడు తొలిబిడ్డ కడుపులోనే పోయింది కూడా ఇలాగే. ఊళ్ళో ఆపరేషన్లు చేసే డాక్టరు ఒక్కడే. అతను సెలవులో ఉన్నాడు. భార్య పురుటి కోసం మయోట్ వెళ్ళాడు.

ఫుండి భార్య మోయినా మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని, కూతుర్ని మయోట్ ఆసుపత్రికి పంపమని అడిగింది. ఆయన లేచి వీధివైపు కిటికీ దగ్గరికెళ్ళి, నలుగురికీ వినపడేలా అన్నాడు.

"నా మనవడు ఆ జెండా కింద పుట్టడానికి వీల్లేదు. పుడితే ఇక్కడే పుట్టాలి."

గంటలోపే సంఘం సభ్యులొచ్చి, త్యాగమంటే ఇదీ అని ఆయన్ని కౌగిలించుకుని పోయారు. త్యాగం చేయాల్సిన మనిషి లోపలి గదిలో చాప మీద పడుకుని మూలుగుతోంది. ఆమెనెవరూ కౌగిలించుకోలేదు.

సభకి ముందురోజు మధ్యాహ్నం, ఫుండి మసీదుకి వెళ్ళిన వేళ, పడవ నడిపే షాన్ఫీ పెరటి తలుపు తట్టాడు.

"అక్కా, రేపు సభ మొదలవగానే పడవ తీస్తున్నా. ఒక్క చోటుంది. అమ్మాయిని తీసుకురా. ఫుండికి మాత్రం తెలియనీకు."

రాఫియాతి సంగతి ఇతనికెవరు చెప్పారని మోయినా అడగలేదు. మా ఊళ్ళో ఎవరి కడుపులో బిడ్డ ఎటు తిరిగిందో అందరికీ తెలుసు. అల్లాయే పంపాడనుకుంది.

మర్నాడు పొద్దున్నే ఊరంతా చౌకులో చేరింది. రానివాళ్ళ పేర్లు మైకులో చదువుతానని ఫుండి ముందే బెదిరించాడు. మంత్రి పావుగంట మాట్లాడి కూర్చున్నాడు. ఫుండి లేచాడు. సుల్తానుల కాలం దగ్గర మొదలుపెట్టి, ఒప్పందాలన్నీ తేదీలతో సహా చెప్పి, ఐక్యరాజ్యసమితిలో ఎవరు ఎన్నిసార్లు మాకు మద్దతిచ్చి ఇంటికి పోయారో వివరించాడు. రెండు గంటలయింది. మంత్రి గడియారం చూసుకున్నాడు. ఫుండి మళ్ళీ సుల్తానుల దగ్గరికి వెళ్ళాడు. ఎండకి ఒక జవాను కళ్ళు తిరిగి పడ్డాడు. అంకిలి లేవబోతే, దేశం కోసం కాసేపు కూర్చోలేవా నాయనా అని మైకులోనే అడిగాడు. అంకిలి కూర్చున్నాడు.

గట్టు మీద మోయినా కూతుర్ని పడవలోకి ఎక్కించింది. ఎప్పుడూ ముప్పై మందిని కుక్కే షాన్ఫీ ఆరోజు ఆరుగురినే ఎక్కించుకున్నాడు. అడుగున పరుపు వేశాడు. లౌడుస్పీకరు గొంతు అక్కడిదాకా వినిపిస్తోంది.

"విను. జెండా మీద నక్షత్రం కోసం ఎంత ఏడుస్తున్నాడో మీ నాన్న" అంది మోయినా. రాఫియాతి తల్లి చెయ్యి వదల్లేక వదల్లేక వదిలింది.

పడవ కనుమరుగయ్యేదాకా నిలబడి, కళ్ళు తుడుచుకుని, మోయినా చౌకుకి వచ్చి ఆడవాళ్ళ వెనక కూర్చుంది. కాసేపటికి ఫుండి గొంతు పూర్తిగా పోయింది. సభ ముగిసింది.

సాయంత్రం ఫోనొచ్చింది. ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

ఆ జెండా కింద పుట్టడానికి వీల్లేదన్నవాడి మనవరాలు, ఆయన ఉపన్యాసం చెప్పిన పూటే మయోట్‌లో పుట్టిందని ఊరు వారం రోజులు నవ్వింది. ఇంటిని అదుపులో పెట్టలేనివాడు దీవిని ఏం తెస్తాడని సంఘం అత్యవసరంగా సమావేశమయింది. తనను తీసేసే తీర్మానానికి ఫుండి కూడా చెయ్యెత్తాడు.

ఇప్పటికీ ఇంటికెవరొచ్చినా మోయినా ఆ కథ చెబుతుంది, ఆయన ముందే.

"ఈయన అక్కడ మాట్లాడుతూనే ఉన్నాడు. నేనిక్కడ కళ్ళుగప్పి నా బిడ్డని దాటించుకున్నాను. మూడు గంటలు. పిసరంత అనుమానం రాలేదు మహానుభావుడికి."

ఫుండి తలవంచుకుని టీ తాగుతాడు.

ఆ పడవ మాట్లాడిపెట్టింది ఆయనే.