పిలవని పేరు

"ఇట్ల తేవే, తల తుడుస్తాను" అని అత్త తువాలు పట్టుకొని వచ్చినా, బావిలోనుంచి తీసిన బిడ్డను మునివెంకటమ్మ వదలలేదు.

పరుగున వచ్చిన పెరియంపట్టి చర్చి ఉపదేశిని చూసి ఏడ్చింది.

"పోయిన ఆదివారమే బాప్తిస్మం తీసుకున్నాను సామీ. బిడ్డ పడంగానే ఏసయ్య పేరు నోటికి రాలేదు. పాత అలవాటుకి 'మారమ్మా!' అని అరిచినాను. ఏసయ్య కోపంతో బిడ్డను మళ్లీ తీసుకుపోతాడేమో!"

"పిలిచినావు, మారమ్మే వచ్చింది. నీ కొత్త దేవుడికి మన బావి దోవ తెలీదులే" అనింది అత్త.

"నీళ్లలో బిడ్డ ఎవురిని పిలిచిందమ్మా?" అన్నాడు ఉపదేశి.

"నోటినిండా నీళ్లు. ఎట్ల పిలుస్తుంది?" అనింది మునివెంకటమ్మ.

"పిలవలేని దాన్నే దేవుడు పైకి తెచ్చినాడు గదా. నీ నోటి తప్పుకి మళ్లీ ముంచుతాడా?"

మునివెంకటమ్మ బిడ్డను అత్త తువాల్లో పెట్టింది.