ఒలే గుంటల్లారా

"ఒలే గుంటల్లారా, రండే!"

కొత్తగా తెరిచిన షెడ్డు గుమ్మంలో నిలబడి యుగంధర్ నవ్వుతూ కేకేశాడు.

తట్టలు పట్టుకుని వస్తున్న పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఉన్నచోటే ఆగిపోయారు. వాళ్ళలో పదకొండు మంది మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు. కాసులమ్మ మనవరాలికైతే పెళ్ళి కూడా కుదిరింది. అలాంటి మనిషిని పట్టుకుని గుంటా అంటే చిన్నపిల్లని పిలిచినట్టు.

రోడ్డుకి ఇవతల బడ్డీలో ఉల్లిపాయలు ఏరుతున్న సరోజిని తల ఎత్తలేదు. చెవి మాత్రం అటే పెట్టింది.

ఫీనిక్స్ బే దగ్గరి ఆ షెడ్డు పందొమ్మిదేళ్ళు ఆమె చేతిలో ఉంది. మెయిన్‌లాండ్ నుంచి ఓడలో వచ్చిన కూరగాయలు అక్కడ దిగేవి. ఈ పద్నాలుగు మందీ అక్కడే తట్టలు నింపుకుని పోర్ట్ బ్లెయిర్ వీధులన్నీ తిరిగి అమ్మేవాళ్ళు. విజయవాడ నుంచి యుగంధర్ దిగాడు, యజమానికి ఎక్కువ అద్దె ఆశ పెట్టాడు, షెడ్డు చేతులు మారింది. ఆమె సామాను రోడ్డున పడిన రోజు జోరున వాన. అతను గొడుగు కింద నిలబడి "మెల్లగా తీసుకోండక్కా, తొందరేం లేదు" అన్నాడు.

షెడ్డు పోయినందుకు కాదు, ఆ మాటకి మండింది ఆమెకి. అయినా నవ్వుతూనే అతను అడిగినవాటికల్లా జవాబు చెప్పి వచ్చేసింది. వీడు దిగిన ఓడలోనే వీణ్ణి ఎక్కించాలి, ఆ షెడ్డులో మళ్ళీ నా త్రాసు వేలాడాలి అనుకుంది. కోపాన్ని వెంటనే ఖర్చు చేసేసే రకం కాదు సరోజిని.

సాయంత్రం కాసులమ్మ, మేరమ్మ బడ్డీకి వచ్చారు.

"ఏటి దీదీ, విన్నావా?" కాసులమ్మ తట్ట విసిరికొట్టినట్టు పెట్టింది. "గుంటలట. పెళ్ళయ్యాక మా ఆయన కూడా నన్ను గుంటా అనలేదు."

"మనలో మనం ఒలే అనుకుంటాం, గుంటా అనుకుంటాం. మా అమ్మమ్మ శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న మాట అది," అంది మేరమ్మ. "వరస లేని మగాడు ఆ మాట అంటే పళ్ళు రాలవూ? మా పాస్టరుగారు కూడా నన్ను అమ్మా అనే పిలుస్తారు."

"పైగా నవ్వుతాడు."

"అదే కదా. తిట్టేవాడు తిట్టినట్టుండాలి."

"రేపు మొహం మీదే అడిగేస్తాను. ఏం భయ్యా, మీ అమ్మని కూడా ఇలాగే పిలుస్తావా అని."

"అడగొద్దు," అంది సరోజిని.

"ఏం?"

"అడిగితే సారీ అంటాడు. పదకొండు మంది నాయనమ్మలకి కలిపి ఒక్క సారీ. సరిపోతుందా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"ఓడ వచ్చేదాకా నోరు కట్టుకోండి," అంది సరోజిని.

యుగంధర్ రోజూ అలాగే పిలిచాడు. వాళ్ళు రోజూ పళ్ళు కొరుకుతూ తట్టలు నింపుకున్నారు.

తుఫాను గాలికి పన్నెండు రోజులు ఆలస్యంగా ఓడ వచ్చింది. చేతిలో ఉన్నదంతా పెట్టి యుగంధర్ నాలుగు వందల క్రేట్ల టమాటా దింపాడు. ఆ ఉదయం అతని నవ్వు మరీ వెడల్పయింది.

"ఒలే గుంటల్లారా, రండే. ఎలా నిగనిగలాడుతున్నాయో చూడండే."

పద్నాలుగు మందీ ఎదుటి చూరు కింద తట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు.

"ఎవర్నో పిలుస్తున్నాడే," అంది కాసులమ్మ.

"చిన్నపిల్లల్నేమో. ఈపాటికి స్కూలుకి పోయుంటారు," అంది మేరమ్మ.

మెయిన్‌లాండ్‌లో అయితే సరుకు పక్క ఊరికి తోలెయ్యొచ్చు. ఇక్కడ చుట్టూ సముద్రమే. వానాకాలం కాబట్టి హోటళ్ళు ఖాళీ. బజారు దుకాణాలవాళ్ళ సరుకు వాళ్ళకి అదే ఓడలో వచ్చింది. యుగంధర్ టమాటాకి ఉన్న దారి ఆ పద్నాలుగు తట్టలే.

ఆ తట్టలకి మాత్రం లోటు రాలేదు. సిప్పీఘాట్ తోటల నుంచి ఆనపకాయలు, తోటకూర తెల్లవారేసరికి సరోజిని బడ్డీ ముందు దిగుతున్నాయి. ఆమె వారం ముందే మాట్లాడి పెట్టింది.

రెండో రోజు షెడ్డు వాసన వేసింది. మూడో రోజు షట్టరు కింద నుంచి ఎర్రటి నీళ్ళు రోడ్డు మీదకి కారాయి.

యుగంధర్ చేతులు జోడించుకుని వచ్చాడు. "ఒలే, ఏమైందే మీకు? నా తప్పేంటో చెప్పండే."

"ఇప్పుడు కూడా అదే కూత," అని కాసులమ్మ మొహం తిప్పుకుంది. మిగతావాళ్ళు తట్టలెత్తుకుని వీధుల దారి పట్టారు.

అయిదో రోజు కంపు భరించలేక షెడ్డు యజమానే సరోజినిని వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె పాత అద్దెకే ఒప్పుకుంది. ఒక్క రూపాయి పెంచలేదు.

పద్నాలుగు మందీ చీరలు ఎగదోపి షెడ్డు కడుగుతున్నారు. సరోజిని త్రాసు వేలాడదీస్తోంది. యుగంధర్ భుజాన బ్యాగుతో వచ్చి తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"ఓడ ఎన్నింటికి?" అంది.

"నాలుగింటికి."

అయినా అతను కదలలేదు. కడుగుతున్నవాళ్ళ వైపు ఒకసారి చూసి, నీళ్ళ చప్పుడులో ఆమెకి మాత్రమే వినపడేలా అడిగాడు.

"వీళ్ళని ఎలా పిలవాలని షెడ్డు తీసుకున్న రోజు అడిగితే మీరు నేర్పినట్టే కదక్కా రోజూ పిలిచాను, ఎక్కడైనా తప్పు పలికానా?"