పొద్దుగూకితే జ్వరం

"ఏదో ఒకటి వదులుకో" అంది డాక్టర్ లక్ష్మీదేవమ్మ. "పరీక్షలా, పరిశోధనా? నువ్వే తేల్చుకో."

ఆమె మైక్రోబయాలజీ హెడ్. ఎదురుగా నిలబడ్డ హేమావతి ఎంబీబీఎస్ రెండో ఏడాది. యూనివర్సిటీ పరీక్షలు ముంచుకొస్తుంటే ఈ పిల్ల గొర్రెల కాపరుల వెంట తిరుగుతోంది. గొర్రెల నుంచి మనుషులకు అంటుకునే బ్రూసెల్లా జ్వరం మీద రిసెర్చి పెట్టుకుంది.

"రెండూ చేస్తాను మేడం."

"పొద్దుగూకితే ఒళ్లు కాలిపోతోందట, నీ రూమ్మేట్ చెప్పింది. రెండూ నీ వల్ల కాదని నీ ఒళ్లే చెబుతోంది. ఫెయిలయ్యాక నా గదికొచ్చి ఏడవొద్దు."

"ఏడవను మేడం."

ఆ మాటలో పొగరుంది. మంద వెనక నడుస్తూ చదువుకుని మెడికల్ సీటు తెచ్చుకున్న పిల్లకు ఆ మాత్రం పొగరు లేకపోతే ఎలా?

అసలు పట్టుదల వాళ్ల నాయన తిమ్మప్ప కోసం. రొద్దం దగ్గర పల్లెలో గొర్రెలు కాస్తాడు. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. పెనుకొండలో చూపిస్తే ఒక పేరు చెప్పారు, ధర్మవరంలో ఇంకో పేరు. మాత్రలు మారాయి గానీ జ్వరం మారలేదు. దాని అసలు పేరు తానే కనిపెట్టాలని హేమావతి పంతం పట్టింది. ఆ పంతాన్ని వదులుకోమంటే ఆమెకు ఒళ్లు మండింది.

ఆదివారం హిందూపురంలో బస్సెక్కింది. ఒళ్లో మైక్రోబయాలజీ పుస్తకం, కాళ్ల దగ్గర రక్తపు సీసాలు పెట్టుకునే డబ్బా. పక్కన క్లాస్‌మేట్ కిరణ్ ప్రశ్నలడుగుతుంటే పెనుకొండ దాకా జవాబులు చెబుతూనే వచ్చింది.

పల్లెలో దొడ్డి దగ్గర కాపరులంతా పోగయ్యారు గానీ, సూది చూసి వెనక్కి జరిగారు.

"ఏమప్పా, మా నెత్తురు తీసకపోయి యాడ అమ్ముకుంటారు?" అన్నాడు ముసలి ఓబులేసు, కిరణ్‌ను ఎగాదిగా చూస్తూ.

హేమావతి చెయ్యి చాపింది. "కిరణ్, ముందు నాది తియ్."

కిరణ్ తీశాడు, సీసాకు నంబరు అంటించాడు.

"చూస్తివా పెదనాయనా, నాకేమన్నా అయిందా?"

ఓబులేసు నవ్వి చొక్కా చెయ్యి పైకి లాగాడు. ఆ వెనక తిమ్మప్ప కూర్చున్నాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు. కిరణ్ వరసగా నంబర్లు అంటించి సీసాలు డబ్బాలో పెట్టాడు. ల్యాబుకు పేర్లు చెప్పరు, నంబర్లే.

"ఈనే గొర్రెల్ని ఉత్త చేతుల్తో ముట్టుకోవాకండి. గ్లౌజులు ఏసుకోండి" అని హేమావతి అందరికీ గట్టిగా చెప్పింది.

తిమ్మప్ప పకపకా నవ్వాడు. "దసరా సెలవుల్లో నల్లగొర్రెకు పిల్ల అడ్డం తిరిగితే నువ్వే గదా పాపా చెయ్యి పెట్టి తీస్తివి. ఆపొద్దు గ్లౌజులు యాడుండె?"

అందరూ నవ్వారు. హేమావతి కూడా నవ్వింది. పోయేముందు తిమ్మప్ప ఆమె నుదురు తాకి చూసి, "కాలిపోతాండావు. చదువు రవ్వంత తగ్గియ్యి" అన్నాడు.

"ఎండలో తిరిగితిని గదా నాయనా. నడుము నొప్పి గూడా కూచోని చదివే దానికే. పరీక్షలైపోతే అంతా పోతాది."

పరీక్షలొచ్చాయి. వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎటు తిప్పి అడిగినా తడుముకోకుండా చెప్పింది. సాయంకాలం లక్ష్మీదేవమ్మ ఆమెను తన గదికి పిలిచింది.

"వైవా బాగా చేశావు. నీ శాంపిళ్ల రిజల్టు కూడా వచ్చింది. కొన్ని పాజిటివ్. నీ అనుమానం నిజమే."

"మూడో నంబరు మేడం?"

"పాజిటివే. ఎవరు?"

"మా నాయన."

లక్ష్మీదేవమ్మ ఆమెకు కుర్చీ చూపించింది. "మందులున్నాయి. ఆరు వారాలు మానకుండా వాడితే తగ్గుతుంది" అంది మెల్లగా.

హేమావతికి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లకు నాయన జ్వరానికి పేరు దొరికింది. "రెండూ చేస్తానని ఆరోజే చెప్పాను గదా మేడం" అంది.

"చేశావులే, ఒళ్లు గుల్ల చేసుకుని. ఇకనైనా రిసెర్చి పక్కనబెట్టి నిద్రపో, ఆ జ్వరం అదే పోతుంది. దానికంటే ముందు ఒకటో నంబరు మనిషిని పిలిపించు. అందరికంటే ఎక్కువ అతనికే ఉంది. అంత ఉంటే పొద్దుగూకితే జ్వరం, నడుము నొప్పి తప్పవు, ఎలా తిరుగుతున్నాడో. ఎవరతను?"

హేమావతి అనుకోకుండా తన నుదురు తాకి చూసుకుంది.

"నేనే మేడం."