ఒంటిపూట పని

ఇది చిన్న కథ. మెడలో కొత్త గంట కట్టించుకుని, పనున్నా లేకున్నా తల ఊపుతూ తిరిగే ఎద్దుగారి సంగతి ఇంకెప్పుడైనా చెప్పుకుందాం. చంటిపిల్ల తల్లి గాడిద ఎర్రక్క, చెరువు మట్టి మోయించే నక్క మేస్త్రిని ఒంటిపూట పని అడిగింది.

"అలాగేనమ్మా. సగం పని, సగం మేత. పిలిచేదాకా మాత్రం గట్టు మీదే ఉండాలి," అంది నక్క.

"పొద్దంతా ఇక్కడే ఉంటే నా పిల్ల పాలెప్పుడు తాగాలి మేస్త్రీ?"

"అది నీ ఇంటి గొడవ."

ఎర్రక్క మూడు రోజులు నిలబడింది. పిలుపూ లేదు, మేతా లేదు. పాలు ఎండిపోయాయి. నాలుగో రోజు ఎర్రక్క నక్క చెవి కొరికేసింది.

మర్నాడు నక్క చెవికి పసుపు పెట్టుకుని వచ్చి, గాడిదలన్నిటి పళ్లూ ఒకసారి చూసుకుంది. అడిగినవాళ్లకల్లా ఒంటిపూట పని, నిండు మేత, ఏడాది పొడుగునా ఇస్తానంది.

ఎర్రక్కను మాత్రం పెట్టుకోలేదు. దానికి కోపమెక్కువని మిగతా గాడిదలే, మేత నములుతూ, మేస్త్రికి చెప్పాయి.