శనివారం తల్లులు

“పెళ్లి చేసేయండి, వాడే దారికొస్తాడు,” అంది బేకరీ ఆవిడ.

బస్సావిడ తల అడ్డంగా ఊపింది. “వాడు చేసుకోడమ్మా. ఆ ముచ్చట మేం ఎప్పుడో వదిలేసుకున్నాం.”

చర్చి వెనక, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే గది అది. శనివారం మధ్యాహ్నాలు మాత్రం తల్లులది. చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఏడెనిమిదిమంది ఆడవాళ్లు తమ పిల్లల గురించి బయట ఎక్కడా చెప్పుకోలేనివన్నీ చెప్పుకుంటారు. ఇక్కడి మాట ఇక్కడే ఉండాలన్నది ఒక్కటే నియమం. పేరు చెప్పాలనిపిస్తే చెప్పొచ్చు, లేకపోతే లేదు. ఈ కొత్తావిడ చెప్పలేదు. మూడు గంటలు ప్రయాణం చేసొచ్చి, నాలుగున్నర బస్సు కోసం గోడ గడియారం చూస్తూ కూర్చుంటుంది కాబట్టి అందరికీ బస్సావిడ అయింది. బట్టలు కుట్టి బతుకుతుందని మాత్రం తెలుసు.

ఈ కూటమిని మొదలుపెట్టింది ఫాదర్. నడిపేది ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో చేసి రిటైరైన నర్సమ్మ. మొదట్లో ఫాదర్ వచ్చి ప్రార్థన చెప్పి వెళ్లేవారు. రెండు నెలలుగా అదీ లేదు. ‘ఒంట్లో నలతగా ఉంది, మీరే కానివ్వండమ్మా’ అని కబురు పంపుతున్నారు.

బస్సావిడ వస్తున్నది ఐదు వారాలుగా. నాలుగు వారాలు వినడంతోనే సరిపెట్టింది. ఇవాళే నోరు విప్పింది.

“తాగుతాడా?” అని అడిగింది నర్సమ్మ. ఆవిడ దగ్గర డొంకతిరుగుడు ఉండదు.

“ఈమధ్యే మొదలైంది. ఉద్యోగం మంచిదే. బదిలీ మీద ఈ ఊరొచ్చాడు. నలుగురిలో నవ్వుతూనే ఉంటాడు. పని కాగానే తలుపేసుకుంటాడు.”

“దైవభక్తి ఉందా?” అంది బేకరీ ఆవిడ.

“మా ఇంటిల్లిపాదిలో వాడికే ఎక్కువ. ఇప్పుడేమో, ‘ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడినట్టుందమ్మా’ అంటున్నాడు.”

“మనసు విప్పి చెప్పుకోడానికి స్నేహితులెవరూ లేరా?”

“వాడికి చెప్పుకునేవాళ్లు బోలెడుమంది. వాడి మాట వినేవాళ్లే లేరు.”

ఎవరో చల్లారిన టీ గ్లాసు కింద పెట్టారు. బస్సావిడ సూది పోట్లతో గరుకెక్కిన వేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకుంది.

“నిన్న ఫోన్ చేశాడు. ‘పొద్దున్నే మెలకువ రాకపోతే బాగుండనిపిస్తోంది’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.”

నర్సమ్మ చేతిలో జపమాల ఆగిపోయింది.

“మావాడూ నవ్వుతూనే అన్నాడు,” అంది. ఆవిడకు ఒక కొడుకుండేవాడని అక్కడ చాలామందికి తెలియదు. “నేను డ్యూటీకి వెళ్లే తొందరలో ఉన్నాను. సాయంత్రం వచ్చాక కూర్చోబెట్టి మాట్లాడదాంలే అనుకున్నాను. సాయంత్రానికి వాడు లేడు.”

బేకరీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నర్సమ్మ ఎవరి ఓదార్పు కోసమూ ఆగలేదు.

“మీరు అబ్బాయి దగ్గరికి వెళ్లారా?”

“వచ్చిన ప్రతి వారం వెళ్తున్నాను. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరుగుతున్నాను. నాకు తెలిసిపోయిందంటే వాడు సిగ్గుతో చచ్చిపోతాడు. నలుగురికీ తెలిస్తే వాడి ఉద్యోగం ఏం కాను, పరువేం కాను?”

“మనిషుంటేనేగా పరువు.”

“ఒక్కసారి మన ఫాదర్ గారితో మాట్లాడించండి,” అంది బేకరీ ఆవిడ. “మా చిన్నాడు ఆర్నెల్లు ఎవరి మాటా చెవిన పెట్టలేదు. ఆయన ముందు పావుగంట కూర్చుని ఏడ్చి, మనిషై ఇంటికొచ్చాడు.”

“ఆయనకే బాగోలేదన్నారుగా,” అంది బస్సావిడ నేల చూస్తూ.

“బాగోకపోయినా లేపుతాను. తెలిసీ ఇంకో శనివారం దాకా ఆగడం నా వల్ల కాదు,” అని నర్సమ్మ లేచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. “పదండి.”

“బస్సు...”

“పోతే పోయింది. ఇంకోటొస్తుంది.”

చర్చి ఆవరణ దాటి ఇద్దరూ ఫాదర్ గారి బంగళా వైపు నడిచారు. బంగళా కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గుమ్మం పక్కన పొద్దుటి పాల ప్యాకెట్టు అలాగే పడి ఉంది, దాని కింద రెండు రోజుల పేపర్లు. ఆయన్ని చూసుకునే దిక్కు లేదు పాపం, వీళ్ల బరువు కూడా ఆయన నెత్తినే వేస్తున్నాను అని నర్సమ్మ ఒక్క క్షణం వెనకాడింది.

మెట్ల దగ్గర బస్సావిడ ఆగిపోయింది. “వద్దు నర్సమ్మగారూ. ఈ గడప తొక్కితే ఇక దాచడానికేమీ మిగలదు.”

“ఐదు వారాలు మూడేసి గంటలు బస్సులో కూర్చున్నది దాచడానికి కాదుగా,” అంటూ నర్సమ్మ ఆవిడ చెయ్యి వదిలి, మెట్లెక్కి తలుపు కొట్టింది. పలుకు లేదు. మళ్లీ కొట్టింది. మూడోసారికి లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. చెప్పులీడ్చుకుంటూ ఎవరో వచ్చి గడియ తీశారు.

ఫాదరే. వారం రోజుల గడ్డం, నలిగిన చొక్కా. ఆ వాసన ఏమిటో నర్సమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనసు చివుక్కుమంది. అయినా వచ్చిన పని చెప్పేసింది.

“క్షమించండి ఫాదర్. ఈవిడ కొడుకు ప్రాణం మీదికి తెచ్చుకునేలా ఉన్నాడు. ఎవరో ఒకరు ఇవాళే అతనితో మాట్లాడాలి.”

ఫాదర్ ఆవిడ మాట వింటున్నట్టు లేదు. నర్సమ్మ భుజం మీదుగా వెనక్కి చూస్తూ ద్వారబంధం పట్టుకున్నారు. బస్సావిడ ఒక్కో మెట్టూ ఎక్కి, ఆయనకెదురుగా వచ్చి నిలబడింది.

“వీడే నర్సమ్మగారూ, మావాడు,” అంది.