లోపలి గడియ

"ఈ గడియలు తీసెయ్యండి. తీసేస్తే పాస్ చేస్తాను," అంది హల్డిస్.

ఐవిన్ గోడకి అంటించిన తన ప్లాన్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. నార్వేలోని బెర్గెన్‌లో ఆర్కిటెక్చర్ చివరి పరీక్ష అంటే ఇదే. గీసినవన్నీ గోడకెక్కించి, కాలేజీ బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలికి సమాధానం చెప్పుకోవాలి. ఇవాళ వచ్చిన హల్డిస్‌కి ఊళ్ళో పెద్ద ఆఫీసుంది, నోరు అంతకన్నా పెద్దది. ఈసారి తప్పితే ఐవిన్‌కి మరో అవకాశం లేదు. తోటివాళ్ళంతా పాతికేళ్ళ లోపువాళ్ళు. అతనికి నలభై దాటాయి. పడుతూ లేస్తూ చదువుని ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చాడు.

అతను గీసింది వృద్ధాశ్రమం. ప్రతి గదికీ లోపలి నుంచి వేసుకునే గడియ పెట్టాడు.

"ముసలాయన గడియ వేసుకుని లోపల పడిపోతే? నర్సు బయట నిలబడి పాట పాడాలా?"

"నర్సు దగ్గర దాన్ని బయటి నుంచి తీసే తాళంచెవి ఉంటుందండి. కానీ ముందు తలుపు తట్టాలి, జవాబు కోసం ఆగాలి. రాకపోతేనే తీయాలి."

"ఒక్కో గది దగ్గరా అలా అడుగుతూ నిలబడితే ఆవిడ పని తెమిలినట్టే."

"అడగడం కూడా పనేనండి."

వెనక కూర్చున్న తోటి విద్యార్థిని సున్నీవా కిసుక్కున నవ్వింది. హల్డిస్ ఆమెని ఓ చూపు చూసి, అట్టముక్కలతో చేసిన నమూనాని చేతిలోకి తీసుకుంది.

"ఈ అంచులేమిటి, ఎలక కొరికినట్టు? ఇంట్లో బ్లేడు లేదా?"

"ఉంచుకోనివ్వరండి. చేత్తోనే చింపాను."

"పిల్లలుంటే అంతే," అని హల్డిస్ కాస్త మెత్తబడింది. అంతలోనే మళ్ళీ బిగుసుకుంది. "ఆఖరిసారి అడుగుతున్నాను. రేపు డబ్బు పెట్టి కట్టించేవాళ్ళే ఇవి వద్దంటారు. అప్పుడైనా తీస్తారా?"

ఒక్కసారి సరేనంటే చాలు, ఇన్నేళ్ళ కష్టం గట్టెక్కుతుంది. ఐవిన్ అనబోయాడు కూడా. మళ్ళీ గోడమీది ప్లాన్ల వైపు చూశాడు.

"తీయనండి," అన్నాడు చివరికి. "కిటికీ మార్చమంటే మారుస్తాను, గోడ జరపమంటే జరుపుతాను. తన తలుపు తను వేసుకోలేకపోతే మనిషికి అది గది కాదు. ఫెయిల్ చేస్తే చెయ్యండి."

బయట వాన తన పని తాను చేసుకుపోతోంది. హల్డిస్ నమూనాని జాగ్రత్తగా బల్లమీద పెట్టింది.

"కట్టించేవాళ్ళు రోజూ ఇలాగే పీక్కుతింటారు. అందరూ మొదటి మాటకే తలొంచేస్తున్నారు. నిలబడటం వచ్చో రాదో చూడాలి కదా," అంది. "పాస్. సోమవారం నుంచి మా ఆఫీసుకి రండి."

ఐవిన్‌కి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆపుకోవాలనీ అనుకోలేదు.

"వచ్చే వేసవిలో వస్తానండి. ఈలోగా కుదరదు."

"ఉద్యోగం ఇస్తానంటే బేరాలా?" అంటూనే ఆవిడ నవ్వేసింది.

వరండాలో తుర్గైర్ దాల్చినచెక్క బన్నుల పొట్లం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. రోజూ ఐవిన్‌ని కారులో దింపి, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళే అతన్ని క్లాసంతా బావగారనే పిలుస్తుంది.

"బావగారూ, ఇవాళైనా వదలండి. మాతో ఒక్క బీరు తాగి వస్తాడు," అంది సున్నీవా.

"ఆరింటికల్లా అక్కడుండాలమ్మా," అన్నాడు తుర్గైర్ నొచ్చుకుంటూ. "నా చేతుల్లో ఏమీ లేదు."

"మీ ఆవిడ మరీ అంత గయ్యాళా?"

తుర్గైర్ నవ్వి కారు తాళాలు తీశాడు.

కారు ఊరు దాటాక ఐవిన్ చేతిలో ఓ బన్ను పెట్టాడు. "తలుపు బయట వింటుంటే నా ప్రాణం పోయిందనుకో. గడియ కోసం అంత మొండికెయ్యాలా?"

"అది కూడా పెట్టలేకపోతే నేనింత చదివిందెందుకు?"

తుర్గైర్ తన బన్ను పొట్లంలోనే పెట్టేసి, రోడ్డు మీదే చూపు నిలిపాడు.

చేరాక ఐవిన్ తన గదిలోకి వెళ్ళి, నమూనాని బల్లమీద పెట్టాడు. తుర్గైర్ గుమ్మం బయటే ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"తలుపు వేయొచ్చా, ఆర్కిటెక్ట్ గారూ?"

ఐవిన్ తలూపాక, వార్డరు తుర్గైర్ ఆ జైలుగదికి తాళం వేశాడు.